ఎదుటి మనిషి వాక్యం

2023 వేసవిలో ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. బల్లకి అవతల నలుగురు కూర్చున్నారు. ముగ్గురు మగవాళ్లు, ఒకామె. పెద్దాయన నా ఫైలు తిరగేస్తూ, "డాక్టరేట్ వచ్చి ఆరేళ్లయింది. ఆ తర్వాత రెండు పేపర్లే కన్పిస్తున్నాయి. ఇంకేం రాయలేదామ్మా?" అని అడిగారు.

"పాప పుట్టిందండీ" అన్నాను.

ఆ జవాబు వాళ్లకి సరిపోయింది. ఎంత బాగా సరిపోయిందంటే, ఆమె కూడా అర్థమైనట్టు తలూపింది. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక నామీద నాకే కోపం వచ్చింది. పాప పుట్టిన మాట నిజమే. రాయలేదన్నది అబద్ధం. ఆ ఆరేళ్లలో, పాప పుట్టిన తర్వాత కొన్ని నెలలు తప్ప, వారానికి కనీసం రెండుసార్లు రాస్తూనే ఉన్నాను. లెక్కేస్తే నా సిద్ధాంత గ్రంథానికి ఎన్నో రెట్లుంటుంది. కానీ ఏం రాశానో, ఎక్కడ రాశానో ఆ నలుగురి ముందు చెప్పడానికి నోరు రాలేదు.

ఇక్కడ చెప్తాను. 2012 నుంచీ నేనొక అంతరిక్ష నౌకలో చీఫ్ ఇంజనీర్‌ని.

మీకు నవ్వొస్తే తప్పులేదు. మా చెల్లెలు కూడా నవ్వింది. "జీతమెంతే అక్కా ఆ నౌకలో?" అంది. జీతం లేదు. ఆ నౌక ఎక్కడికీ పోదు కూడా. రకరకాల దేశాల్లో ఉన్న పది పన్నెండు మందిమి ఒక్కొక్క పాత్ర తీసుకుని, ఈ మెయిల్ ద్వారా ఒకళ్ల తర్వాత ఒకళ్లం ఒకే కథ రాసుకుంటూ పోతాం. దీన్ని సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లే గేమ్ అంటారు. గేమ్ అన్నానని తెరమీద బొమ్మలు, తుపాకులు ఊహించుకోకండి. బొమ్మల్లేవు, పాయింట్లు లేవు, గెలవడం ఓడటం లేదు. ఉన్నవి వాక్యాలే. పైన నౌకలో ఏ అంతస్తో, ఏ వేళో రాస్తాం. మన పాత్ర ఏం చూసింది, ఏమంది, ఏం చేసింది రాస్తాం. చివర ఇంకొకళ్లు అందుకోవడానికి ఒక కొస వదులుతాం, పూలు కట్టేటప్పుడు దారం కొస పక్కవాళ్లకి అందించినట్టు. కథలో ఒక సాయంత్రం గడవడానికి మాకు రెండు నెలలు పడుతుంది. మా నౌక 1999లో బయల్దేరింది. నేనెక్కేసరికే దానికి పదమూడేళ్లు.

ఇలాంటి ఆటల చరిత్ర చెప్పేవాళ్లు మామూలుగా మగవాళ్ల పేర్లతో మొదలుపెడతారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చువేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ తయారుచేసిన, కంప్యూటర్‌లో అక్షరాలతోనే ఆడే మడ్. ఇవి నిజమే. కానీ ఇంకో దారి కూడా ఉంది. 1966లో అమెరికా టెలివిజన్లో స్టార్ ట్రెక్ మొదలైంది. ఆ మరుసటి ఏడే స్పాకనేలియా అనే అభిమానుల పత్రిక వచ్చింది. దాన్ని తెచ్చింది ఇద్దరు స్త్రీలు. ఆ సీరియల్ ఆగిపోకుండా మూడో ఏడాదికి సాగడానికి ఉత్తరాల ఉద్యమం నడిపినవాళ్లలో ముందున్నది బీజో ట్రింబుల్ అనే ఆమె. ఎవరో కట్టిన లోకంలోకి వెళ్లి, తమకి కావలసిన కథలు తాము రాసుకుని, సొంత ఖర్చులతో కాపీలు తీసి పంచుకోవడం అప్పటికే స్త్రీలు చేస్తున్న పని. మా ఆటకి అమ్మమ్మలు వాళ్లేనని నేననుకుంటాను.

మా సొంత అమ్మమ్మ సంగతి కూడా చెప్పాలి. తెనాలిలో ఆవిడ ఇంటి వెనక వసారాలో వేసవి సెలవుల్లో మేమాడింది కూడా వేషాలాటే. గుజ్జనగూళ్లు, బొమ్మల పెళ్లిళ్లు. లక్కపిడతల్లో ఇసుక అన్నం, తుమ్మాకు కూర వండేవాళ్లం. మగపిల్లలు ఆఫీసు నుంచి వచ్చి కూర్చునేవాళ్లు. మేం వడ్డించేవాళ్లం. ఆటలో కూడా నేనెప్పుడూ ఆఫీసుకి వెళ్లలేదు. వెళ్లొచ్చని తోచలేదు. అదే వసారాలో అమ్మమ్మ స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి చెప్పేది. తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆయన నడిచిన నడక, కట్టిన చీరకట్టు చూసి ఊళ్లో ఆడవాళ్లు నేర్చుకునేవాళ్లట. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మగవాడు ఆడవేషం కడితే ఎంత గౌరవమో అమ్మమ్మ మాటల్లో విన్నాను. ఆడది మగవేషం కడితే ఏమనేవాళ్లో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు.

2012లో నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. తెలుగు స్త్రీల స్వీయచరిత్రల మీద పరిశోధన. ఏడాది పాటు పాత పుస్తకాలు చదివి, నోట్సు రాసి, ఒక్క అధ్యాయం కూడా మొదలుపెట్టలేక కూర్చున్న రోజులు. పక్క గదిలో ఇంగ్లీషు శాఖ అమ్మాయి రాత్రిళ్లు ఏదో టైపు చేస్తూ తనలో తను నవ్వుకుంటుండేది. అడిగితే చూపించింది. తను ఆ నౌకలో వైద్యురాలు. "మాకు ఇంజనీర్ లేడు, రా" అంది.

చేరాలంటే దరఖాస్తు పెట్టాలి. పాత్ర పేరు, వయసు, ఏ గ్రహం, ఏ చదువు, ఏ బలాలు, ఏ బలహీనతలు. నేను మొదట రాసుకున్నది ఇరవయ్యారేళ్ల అమ్మాయిని. భాషాశాస్త్రవేత్త, ఏడు భాషలొచ్చు, ధైర్యవంతురాలు. ఆ కాగితం కిందే ఒక హెచ్చరిక ఉంది. మేరీ స్యూలు వద్దు అని. ఎవరీ మేరీ స్యూ అని వెతికాను. 1973లో పౌలా స్మిత్ అనే ఆమె ఒక అభిమానుల పత్రికలో రాసిన చిన్న వెక్కిరింత కథలోని పాత్ర. పదిహేనున్నరేళ్ల లెఫ్టినెంట్. నౌకాదళంలో అందరికంటే చిన్నది, అన్నీ తెలుసు, అందరూ ప్రేమిస్తారు. అప్పట్లో ఆడపిల్లలు తమని తాము కథలో పెట్టుకుని రాసే రాతల్ని చూసి చేసిన హాస్యం అది. హాస్యం బాగానే ఉంది. కాకపోతే ఆ స్టార్ ట్రెక్ నాయకుడు కెప్టెన్ కర్క్ కూడా దళంలో కెల్లా చిన్న వయసు కెప్టెనే. అన్నీ తెలుసు, అందరూ ప్రేమిస్తారు. అతన్ని చూసి నవ్వేందుకు అప్పట్లో ఒక పేరంటూ పుట్టలేదు. సమర్థురాలైన అమ్మాయిని రాస్తే అది ఆశపడటం అవుతుంది. సమర్థుడైన అబ్బాయిని రాస్తే అది కథ అవుతుంది.

ఇంత విశ్లేషణ ఆ రాత్రి నాకు తట్టలేదు. సిగ్గేసింది, అంతే. నా అమ్మాయిని కొట్టేసి, యాభై నాలుగేళ్ల మగ ఇంజనీర్‌ని రాశాను. భార్య పోయింది. మోకాళ్ల నొప్పులు. మాట తక్కువ. మర్నాడే తీసుకున్నారు. రెండు వారాల పాటు శిక్షణ ఇచ్చారు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులో నా ఇంజనీర్, ఒక కొత్త నావికురాలు చిక్కుకుపోయిన చిన్న సన్నివేశం. ఆమెని రాస్తున్నది మాలో పాత సభ్యురాలు. కెనడాలో రాత్రి డ్యూటీలు చేసే నర్సు అని తర్వాత తెలిసింది.

ఆ శిక్షణలో నాకు నేర్పిన మొదటి నియమమే ఈ వ్యాసం రాయడానికి కారణం. ఎదుటివాళ్ల పాత్ర ఏం చేసిందో, ఏమనుకుందో నువ్వు రాయకూడదు. నా ఇంజనీర్ ఆమెకి చెయ్యి అందించాడని రాయొచ్చు. ఆమె ఆ చెయ్యి పట్టుకుందని రాయకూడదు. దెబ్బ వేయబోయాడని రాయొచ్చు. తగిలిందని రాయకూడదు. అక్కడ ఆపి, పంపి, ఎదురుచూడాలి. ఆమెకి నైట్ డ్యూటీ ఉంటే రెండ్రోజులు. పిల్లాడికి జ్వరమైతే వారం. అంతవరకూ నా మనిషి చెయ్యి అలా గాల్లోనే ఉంటుంది.

నేనది పాటించలేదు. లిఫ్టులో దీపం ఆరిపోయినప్పుడు ఆమె భయంతో ఏడ్చిందని రాసేశాను. సన్నివేశం పండింది అనుకున్నాను. మర్నాడు నాకు విడిగా ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. "నా మనిషి ఏడవలేదు. ఏడిస్తే ఆ సంగతి నేను చెప్తాను."

ఆ ఉత్తరాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో నా వాక్యాలు ఎంతమంది రాశారో గుర్తొచ్చింది. పెళ్లిచూపుల్లో "మా అమ్మాయికి వంటంటే చాలా ఇష్టమండీ" అని మా పెద్దమ్మ చెప్తుంటే నేను నేలచూపులు చూస్తూ కూర్చోవడం గుర్తొచ్చింది. సెమినార్‌లో నేను సగం చెప్పిన మాటని "అంటే ఆమె ఉద్దేశం ఏమిటంటే" అని ఇంకొకాయన పూర్తిచేయడం గుర్తొచ్చింది. అంతకంటే ఎక్కువగా కుదిపింది నా బల్లమీది నోట్సు. స్వీయచరిత్ర రాసుకున్న ఒకామె, తన పదకొండో ఏట పెళ్లి జరిగిందని, ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందని రాసి ఊరుకుంది. దాని కింద నేనేం రాసుకున్నానో తెలుసా? "ఇక్కడ ఆమె తన దుఃఖాన్ని దాచుకుంటోంది" అని. ఆమె చెప్పింది ఎండ గురించి. దుఃఖం నేను తెచ్చి పెట్టాను. ముందుమాటల్లో భర్తలు, అన్నలు ఆ స్త్రీల తరఫున మాట్లాడేశారని అధ్యాయం రాద్దామనుకుంటున్న నేను, వాళ్ల వెనకే నిలబడి అదే పని చేస్తున్నాను. కాకపోతే నేను జాలితో చేస్తున్నాను.

ఆ నోట్సు కొట్టేశాను. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ ఆగడం ఎలాగో తెలుసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. నా థీసిస్‌లో ఏమన్నా మంచి ఉంటే అది ఆ రెండు వాక్యాల ఉత్తరం వల్ల వచ్చింది. నా కృతజ్ఞతల పేజీలో గైడ్ పేరుంది, లైబ్రరీల పేర్లున్నాయి. ఆ ఉత్తరం రాసినామె పేరు లేదు.

ఈ నియమం మర్యాద కోసం పెట్టుకున్నది కాదు. దాని వెనక గాయాలున్నాయి. 1990లో కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రంలో పావెల్ కర్టిస్ లాంబ్డామూ అనే అక్షరాల లోకాన్ని మొదలుపెట్టాడు. ఒక పెద్ద భవనం, అందులో గదులు, వేలమంది వచ్చిపోయే హాలు. అక్కడ ఒక సభ్యుడు చిన్న ప్రోగ్రాం సాయంతో ఇతరుల పాత్రల్ని తన అదుపులోకి తీసుకున్నాడు. అవి తమంతట తామే లైంగిక హింసకి లోబడుతున్నట్టు, తమని తాము గాయపరచుకుంటున్నట్టు హాల్లో అందరి ముందూ వాక్యాలు వచ్చాయి. జూలియన్ డిబెల్ 1993లో విలేజ్ వాయిస్ పత్రికలో దాని గురించి రాసిన వ్యాసం చాలామంది చదివే ఉంటారు. అక్షరాలతో అత్యాచారమేమిటి అని అప్పుడు నవ్వినవాళ్లున్నారు. ఫోన్లలో, తెరలమీద ఆడపిల్లల ముఖాలు అతికించి బొమ్మలు తయారుచేస్తున్న ఈ రోజుల్లో నవ్వడం కొంచెం కష్టం. ఆ మనిషి చేసిన హింసంతా ఒక్క పనిలో ఉంది. ఎదుటివాళ్ల వాక్యం తను రాశాడు.

చేరడం ఇంత పెద్ద సంగతని చెప్పాను గానీ, అసలు కష్టం చేరడంలో లేదు. నిలబెట్టడంలో ఉంది. ఇలాంటి ఆటలు మొదలైనన్ని నిలవవు. ఆవేశంగా మొదలవుతాయి. పెద్ద పెద్ద యుద్ధాలు, మ్యాపులు, జెండాలు. మూడు నెలల తర్వాత ఒకళ్లు జవాబివ్వడం మానేస్తారు. వాళ్ల కోసం ఇద్దరు ఆగుతారు. ఆ ఇద్దరి కోసం నలుగురు. పోట్లాటలతో పోయే ఆటలు కొన్నే. ఎక్కువ ఆటలు నిశ్శబ్దంతోనే పోతాయి.

మా నౌక నిలబడటానికి కారణం ఏమిటని నన్నడిగితే, మొదట్లో మా కెప్టెన్ అనేదాన్ని. స్కాట్లండులో ఉండే రిటైర్డ్ స్కూలు మాస్టారు. కథల్లో మలుపులు అద్భుతంగా వేస్తాడు. 2016లో నన్ను ఆయన తర్వాతి స్థానంలో పెట్టారు. అప్పుడు తెలిసింది లోపల ఏం జరుగుతోందో. వారం రోజులుగా రాయని మనిషికి, నిష్ఠూరంగా లేకుండా, "అంతా బాగేనా?" అని ఉత్తరం రాయాలి. కొత్తగా వచ్చినవాళ్లకి పాతకథ రెండు పేజీల్లో చెప్పాలి. వాళ్ల పాత్ర ఎవరికీ తగలకుండా మూల నిలబడిపోకుండా, "నువ్వేమంటావు?" అని నా ఇంజనీర్ చేత అడిగించాలి. 2008లో పేలిపోయిన గ్రహం పేరు 2016లో ఇంకెవరూ మళ్లీ వాడకుండా చూడాలి. ఉద్యోగం పోయిందని, అమ్మ పోయిందని చెప్పి మాయమైన వాళ్ల పాత్రకి గౌరవంగా ఒక సెలవు ఏర్పాటు చేయాలి. ఇవన్నీ చేస్తున్నది ముగ్గురం. కెనడా నర్సు, మా హాస్టల్ స్నేహితురాలు, నేను. అంతరిక్షంలోకి పారిపోయి, అక్కడ కూడా లక్కపిడతలు కడుగుతున్నాను!

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పని విలువ నాకు తెలిసింది నేను దాన్ని అందుకునే వైపు ఉన్నప్పుడే. 2018లో పాప పుట్టింది. అప్పుడు నేనొక పరిశోధనా ప్రాజెక్టులో కాంట్రాక్టు మీద ఉన్నాను. నౌకకీ ప్రాజెక్టుకీ ఒకే రోజు సెలవు ఉత్తరాలు రాశాను. ఎనిమిది నెలల తర్వాత ప్రాజెక్టుకి వెళ్తే నా కుర్చీలో ఇంకొకరున్నారు. కాంట్రాక్టు అలాగే ఉంటుందని, అందులో ఎవరి తప్పూ లేదని చెప్పారు. నా పుస్తకాలు ఒక అట్టపెట్టెలో కట్టి మెట్ల కింద పెట్టారు. అదే వారం రాత్రి పాపని ఒళ్లో వేసుకుని నౌక ఉత్తరాలు తెరిచాను. నా ఇంజనీర్‌ని దూరంగా ఒక స్టేషన్లో మరమ్మతు పనిమీద పంపారు. ఎనిమిది నెలల్లో ఎవరూ అతని చేత ఒక్క మాట మాట్లాడించలేదు. కానీ నెలకి ఒకసారి ఎవరో ఒకరు ఒక వాక్యం రాశారు. ఇంజను గదిలోకి వెళ్లిన మనిషి అతని పనిముట్లు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయని చూసి వెనక్కి వచ్చినట్టు. ఒకసారి ఎవరో వాటిమీద దుమ్ము తుడిచారు. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ వాక్యం నేనే రాస్తున్నాను కనుక రాయొచ్చు.

2019 చివర్లో మా ఉత్తరాలన్నీ ఉన్న ఉచిత సర్వీసు పాత ఉత్తరాల్ని చెరిపేయబోతోందని ప్రకటన వచ్చింది. ఇరవై ఏళ్ల కథ. కొన్ని వారాల గడువు. కెప్టెన్ చాలా బాధగా, అందంగా ఒక వీడ్కోలు ఉత్తరం రాశాడు. మేం ముగ్గురం సంవత్సరాలు పంచుకుని, రాత్రిళ్లు కూర్చుని, ఒక్కొక్క నెలా దింపుకున్నాం. నాకు 2005 నుంచి 2011 దాకా వచ్చింది. పాప పాలకి లేచే టైములు నాకు కలిసొచ్చాయి. దింపుకుంటూ చదివాను. అప్పుడు కన్పించింది నాకు ఆ వరస. నాకు ముందు కూడా ఎవరో ఒకామె ఉంది. 2006లో ఒకామె, 2009లో ఇంకొకామె. "అంతా బాగేనా?" ఉత్తరాలు వాళ్లవి. కొత్తవాళ్లకి కథ చెప్పిన పేజీలు వాళ్లవి. రెండు మూడేళ్లు చేసి, ఒకరోజు చిన్న సెలవు ఉత్తరం రాసి వెళ్లిపోయారు. వాళ్ల పాత్రల పేర్లు కూడా ఇప్పుడెవరికీ గుర్తులేవు. కెప్టెన్ వేసిన మలుపులు మాత్రం అందరికీ గుర్తే.

2020 జనవరిలో అందరికీ ఒక ఉత్తరం రాశాను. మేం ముగ్గురం చేస్తున్న పనులన్నీ జాబితా వేసి, ఇకనుంచి నెలకొకరు చొప్పున అందరూ చేయాలని, లేకపోతే నేను నా ఇంజనీర్‌ని మాత్రమే రాస్తానని చెప్పాను. ఒకాయన "ఇది ఆట, దీంట్లోకి రాజకీయాలు తేకండి" అని రాసి వెళ్లిపోయాడు. ఇంకొకాయన ఏమీ రాయకుండా వెళ్లిపోయాడు. ఏడు వారాలు నౌక కదల్లేదు. ఇరవై ఏళ్లు బతికిన దాన్ని నేనే చంపేశానా అని నిద్రపట్టేది కాదు. నా సహచరుడు, "నువ్వు పనిమాత్రమే మానేశావు. నౌకని ఆపింది నువ్వు కాదు" అన్నాడు. మంచి మాటే. ఆ రాత్రి గిన్నెలు కూడా తనే తోమాడు. ఎనిమిదో వారంలో కెప్టెన్ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. కొత్తవాళ్లకి పాతకథ చెప్పే పేజీ తను రాశాడట, చూడమన్నాడు. నిండా తప్పులు. తన మలుపులే ఉన్నాయి, మనుషులు లేరు. తిప్పి పంపాను. నాలుగోసారికి బాగా వచ్చింది. ఆ మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఇళ్లలో ఇరుక్కుపోయిన మా పదిమందికీ ఆ ఏడాది నౌకే వీధి అయింది.

ఇదంతా చదివి ఇదేదో ఆదర్శలోకం అనుకోవద్దు. మా నౌకలో ర్యాంకులున్నాయి, సెల్యూట్లున్నాయి, కొత్త గ్రహాల్ని "కనుక్కోవడాలు" ఉన్నాయి. అక్కడ అప్పటికే ఉన్నవాళ్ల వైపు నుంచి కథ ఎవరు చెప్తారని అడగడానికి నాకే నాలుగేళ్లు పట్టింది. ఆట అంతా ఇంగ్లీషులో. మా ఊళ్లో నాతో గుజ్జనగూళ్లాడిన పిల్లల్లో ఈ ఆటలోకి రాగలిగిన దాన్ని నేనొక్కదాన్నే. చదువు, లాప్‌టాప్, తలుపేసుకునే గది నాకున్నాయి. ఆ పిల్లల్లో చాలామందికి ఒక్కటీ లేదు. పేరు, ముఖం, కులం కన్పించని చోటని నేను మురిసిపోయాను. కన్పించకపోవడం వేరు, లేకపోవడం వేరు. మొదటి ఏడాది నేను ఏ దేశమో ఎవరికీ తెలియదు. తెలిసిన రోజు నుంచీ "మీ ఇంజనీర్ చేత మసాలా వంటలు వండించరా?" అని అడగటం మొదలుపెట్టారు. ఒకసారి విసుగొచ్చి ఉలవచారు పెట్టించాను. ముందే ఉలవలు నానబెట్టాలని తెలిసి, కథ సాగదని వాళ్లే వద్దన్నారు.

దూరపు లోకాలు ఊహించడం మనకి కొత్తేమీ కాదని కూడా గుర్తుచేసుకోవాలి. రొకియా సఖావత్ హుస్సేన్ సుల్తానాస్ డ్రీమ్ 1905లో అచ్చయింది మద్రాసులో, కమలా సత్యనాథన్ సంపాదకత్వంలోని ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. స్త్రీలు సూర్యుడి వేడితో వంట చేసుకుంటూ, గాల్లో ఎగిరే బళ్లలో తిరుగుతూ, మగవాళ్లని లోపల కూర్చోబెట్టిన దేశం. ఆ కథలో నన్ను ఆకట్టుకునేది ఆ యంత్రాలకంటే, ఇద్దరు స్త్రీలు తోటలో నడుస్తూ ఒకరినొకరు ప్రశ్నలడుగుతూ ఉండటం. ఒకామె అడుగుతుంది. ఆగుతుంది. ఇంకొకామె చెప్తుంది.

కెనడా నర్సు 2021 మే తర్వాత రాయలేదు. ఆ రోజుల్లో నర్సుల పరిస్థితి ఏమిటో మీకు తెలుసు. "అంతా బాగేనా?" అని రాశాను. మూడుసార్లు రాశాను. మాకామె అసలు పేరు తెలియదు, ఊరు తెలియదు. తొమ్మిదేళ్లు వారానికి రెండుసార్లు మాట్లాడుకున్నాం. ఆరునెలల తర్వాత కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు, ఆమె పాత్ర యుద్ధంలో వీరమరణం పొందినట్టు రాద్దామా, బాగుంటుంది అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కెప్టెన్ నన్నడిగాడు. వద్దన్నాను. ఆమె చచ్చిపోతే ఆ సంగతి ఆమె చెప్తుంది. చెప్పలేకపోతే మనకి తెలియనట్టే ఉందాం.

ఇప్పటికీ ఆమె పాత్ర నౌకలోనే ఉంది. నాలుగో అంతస్తులో ఆమె గది తలుపు వేసి ఉంటుంది. ఆ పక్కగా వెళ్లాల్సి వచ్చినప్పుడు నా ఇంజనీర్ తలుపు మీద రెండుసార్లు తడతాడు. అంతవరకే రాస్తాను. మర్నాడు పొద్దున లేచి, జవాబేమైనా వచ్చిందా అని చూస్తాను.

ఆ ఇంటర్వ్యూలో ఉద్యోగం రాలేదు. ఇంకో ఇంటర్వ్యూ ఉంది వచ్చే నెలలో. ఏం రాశారు అని అడిగితే ఈసారి చెప్తాను. ఎవరి పేరూ లేని, ఎవరికీ సొంతం కాని ఒక పెద్ద పుస్తకంలో నావంతు నేను రాస్తున్నానని, అందులో ఎక్కువ భాగం ఎక్కడ ఆపాలో నేర్చుకోవడమేనని చెప్తాను. వాళ్లు నవ్వుతారో, తలూపుతారో నేనిక్కడ రాయను. అది వాళ్ల వాక్యం.